రంగంలో పొద్దుటి టిఫిను



సెలవుల్లో విదేశం వెళ్లినప్పుడు చూసిన ఊళ్ల గురించి, తిన్న తిండి గురించి మాట్లాడతాను. మాది కోటబొమ్మాళి. మా వైపు ఇప్పుడు విదేశం అంటే దుబాయి, కువైట్, సింగపూర్. నూరేళ్ల కిందట విదేశం ఒక్కటే, రంగం. అంటే రంగూన్, ఇప్పటి యాంగోన్. కళింగపట్నంలోనో భీమునిపట్నంలోనో విశాఖపట్నంలోనో ఆవిరి ఓడెక్కి, బంగాళాఖాతం దాటి, అక్కడి బియ్యం మిల్లుల్లోనూ రేవులోనూ కూలి చేసి వచ్చినవాళ్ల పేర్లు మా జిల్లాలో పాత ఇళ్లన్నింటా వినిపిస్తాయి. మా ఇంట్లోనూ ఉన్నాయి. అప్పటికింకా శ్రీకాకుళం జిల్లా లేదు. మా ప్రాంతం 1936 దాకా గంజాం జిల్లా, ఆ తర్వాత కొన్నేళ్లు విశాఖపట్నం జిల్లా. శ్రీకాకుళం జిల్లా వచ్చింది 1950లో. ఈ సరిహద్దులు ఎన్నిసార్లు మారినా, చేతిలో డబ్బు ఆడనప్పుడు మావాళ్లు చూసిన దిక్కు మాత్రం ఒక్కటే. తూర్పు, సముద్రం అవతలి ఒడ్డు.

2019 డిసెంబరులో నేనూ మా ఆవిడా ఆ ఊరు చూసొద్దామనుకున్నాం. ప్రయాణానికి ముందు మా వీధి చివరింటి తాతకు చెప్పాను. ఆయన తండ్రి రంగంలో చాలాకాలం పనిచేసి వచ్చినవాడు.

"రంగమా? అక్కడికెల్లి ఏటి సేస్తావు బాబూ? ఇప్పుడు పనులున్నాయేటి?"

"పనికి కాదు తాతా, ఊరు చూసొద్దామని."

"సూడ్డానికా!" అని కాసేపు ఊరుకున్నాడు. "అలగైతే మొయింగా తిని రా. మా అయ్య ఆ పేరు సెప్పీవోడు. తిన్నాడో లేదో ఎప్పుడూ సెప్పలేదు."

ప్రయాణమంతా ఆ మాట నాతోనే ఉంది. ఒక ఊరి తిండి తెలియాలంటే ఆ ఊళ్లో కూర్చుని తినే తీరిక ఉండాలి. మనవాళ్లకు అక్కడ పని ఉండేది, ఆకలి ఉండేది, తీరిక ఉండేది కాదు. మేస్త్రీ ఊళ్లోనే బయానా ఇచ్చి ఓడెక్కించేవాడు. ఆ బాకీ తీరేదాకా కూలి డబ్బు చేతికి పూర్తిగా వచ్చేది కాదు. ఇరుకు గదుల్లో వంతులవారీగా పడుకునేవారు. పగటి పనివాడు లేచిన చోట రాత్రి పనివాడు నడుం వాల్చేవాడు. అందరికీ కలిపి ఒక డేగిసాలో అన్నం, కాల్చిన ఎండుచేప, పచ్చిమిరపకాయ. మిగిలిన ప్రతి పైసా మనియార్డరు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బియ్యం ఎగుమతి చేసిన దేశం బర్మా. ఏటా 30 లక్షల టన్నుల దాకా ఓడలెక్కేది. ఆ బస్తాల్లో ఎన్ని మనవాళ్ల వీపుల మీదుగా వెళ్లాయో! అటువంటి ఊరికి చుట్టంగా వెళ్లి, తీరిగ్గా కూర్చుని, అడిగి వడ్డించుకుని తినాలని నాకు అనిపించింది. అందుకే ఈ ప్రయాణంలో గుడులూ గోపురాలూ తక్కువ, తిండే ఎక్కువ.

కోల్‌కతా నుంచి విమానం దాదాపు రెండు గంటలు. దిగాక గడియారం ఒక గంట ముందుకు తిప్పుకోవాలి. మర్నాడు పొద్దున్నే, చీకట్లు పూర్తిగా విడకముందే, బస చేసిన వీధి మలుపులో మొహింగా దొరికింది. ఒక నడివయసు ఆవిడ పెద్ద గుండిగ ముందు కూర్చుని ఉంది. చుట్టూ జానెడు ఎత్తు ప్లాస్టిక్ పీటలు. గుండిగలో సెనగపిండి కలిపిన చిక్కటి చేపల పులుసు, లేత పసుపు రంగులో, చిన్నగా కుతకుతలాడుతోంది. ఆవిడ చేత్తోనే ఒక గుప్పెడు బియ్యపు సేమియా తీసి గిన్నెలో వేసి, పులుసు పోసి, మళ్లీ గుండిగలోకి వంచేసి, మళ్లీ పోసింది. చల్లారిన సేమియా వేడెక్కాలంటే అలా చేయాలట. పైన సగం గుడ్డు, కొత్తిమీర, ఎండుమిరప కారం, నిమ్మబద్ద. తర్వాత కత్తెర పుచ్చుకుని, కరకరలాడే పప్పు చెక్కల్లాంటివి, ఆనపకాయ బజ్జీలు ముక్కలు ముక్కలుగా కత్తిరించి వేసింది. మొదటి చెంచాలో చేప, అల్లం, నిమ్మగడ్డి వాసన. రెండో చెంచాలో మెత్తగా, మధ్యలో సన్నటి కన్నాలున్న తెల్లటి ముక్క ఒకటి పంటికి తగిలింది. మా ఆవిడ నమిలి చూసి వెంటనే చెప్పింది, "ఇది అరటి దూటండీ."

అవును, దూటే. మనం ఆవ పెట్టి కూర వండే దూట, పెరుగు పచ్చడి చేసే దూట. చేపల పులుసులో దూట వేయాలన్న ఆలోచన మాత్రం మనకు ఎప్పుడూ రాలేదు. మొహింగాకు ఇప్పుడు దేశమంతటా పేరుంది, కానీ ఐరావతి నది కింది ప్రాంతాల్లో, మాగాణి పల్లెల్లో దాని అసలు బలం. చెరువులో దొరికే మార్పు చేప, పెరట్లో అరటిచెట్టు, చేలో బియ్యం. వాళ్లకు ఉన్నవన్నీ మాకూ ఉన్నాయి. రెండు ఒడ్ల మీదా వరే, కొబ్బరే, తాడే, చేపే. వంట మాత్రం వేరే దారిన నడిచింది. ఆ దారి ఎలా విడిపోయిందో గమనించడమే నాకు ఆ సెలవుల్లో అన్నిటికంటే ఇష్టమైన పనైంది.

ఊరి విషయానికొద్దాం. 1852 యుద్ధం తర్వాత ఇంగ్లీషువాళ్లు గీత గీసి కట్టిన పట్నం అది. సూలే పగోడా నడుమ పెట్టుకుని, నది ఒడ్డున గళ్లు గళ్లుగా వీధులు. చాలా వీధులకు పేర్లు లేవు, అంకెలే. పాత మేడలు నాచు పట్టి, పగుళ్లలోంచి రావిమొక్కలు మొలిచి ఉన్నాయి. పై అంతస్తుల వరండాల నుంచి సన్నటి తాళ్లు కిందికి వేలాడుతుంటాయి, కొసన ఒక క్లిప్పు. పేపరబ్బాయి పేపరు దానికి తగిలించి తాడు లాగుతాడు, పైన గంట మోగుతుంది, ఎవరో పైకి లాక్కుంటారు. ఉత్తరాలు, కూరగాయల సంచులు అన్నీ అలాగే. మెట్లెక్కే ముసలివాళ్ల మోకాళ్లకు ఇంతకంటే మంచి ఉపకారం నేనెక్కడా చూడలేదు. నదివైపు స్ట్రాండ్ రోడ్డు, దాని అవతల జెట్టీలు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులు. అంటే ఆ వీధుల్లో తెలుగు, తమిళం, బెంగాలీ, హిందీ రోజువారీ మాటలు. ఇవాళ కూడా పాత పట్నంలో నడుస్తుంటే, ఒక సందులో ఇడ్లీపాత్ర ఆవిరి, ఒక సందులో దోసె పెనం చప్పుడు. దోసె మీద ఉడికించిన బఠానీలు, కొబ్బరి చల్లి ఇస్తారు.

ఆ జెట్టీల దగ్గర నిలబడితే ఒక సంగతి గుర్తుచేసుకోకుండా ఉండలేను. 1930 మే నెలలో తెలుగు ఓడరేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరి మనవాళ్లు తిరిగి పనిలోకి రాగానే, ఆ బర్మా కూలీలను పొమ్మన్నారు. 26వ తేదీన గొడవ మొదలై, ఊరంతా పాకి, వందమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది మనవాళ్లే. ఇద్దరు పేదవాళ్లకు ఒక్క పని చూపించి, ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పినవాళ్లు ఎవరూ రేవు దగ్గర దెబ్బలు తినలేదు. ఈ మాట ఎవరి చరిత్ర చెప్పినా మొదట చెప్పాలనుకుంటాను.

సరే, టీకొట్టుకి వెళదాం. రంగం టీకొట్టు ఒక లోకం. కూర్చోగానే బల్ల మీద ఫ్లాస్కులో పాలు లేని పల్చటి టీ సిద్ధంగా ఉంటుంది, డబ్బులు అడగరు, ఎంతైనా తాగొచ్చు. అసలు టీ వేరే చెప్పుకోవాలి. గడ్డపాలు పోసి, చిక్కగా, కడక్‌గా, తీపి ఎక్కువ, చేదు ఎక్కువ అని రకరకాలుగా అడుగుతారు. పిలవడానికి కేకలుండవు. ముద్దు పెట్టినట్టు పెదవులతో చప్పుడు చేస్తే కుర్రాడు వచ్చేస్తాడు. మనకు అది చేయడానికి సిగ్గేస్తుంది, వాళ్లకు మామూలే. అడగకపోయినా బల్ల నిండా పళ్లేలు పెట్టేస్తారు. సమోసా, నూనె ఓడుతున్న పలాటా, అంటే పరోటా, మన మసాలా వడకు తోబుట్టువులాంటి సెనగపప్పు వడ. తిన్నవాటికే లెక్క.

అక్కడే సమూసా తోక్ తిన్నాను. తోక్ అంటే చేత్తో కలిపిన పచ్చడి వంటిది. సమోసాలను కత్తెరతో కత్తిరించి గిన్నెలో వేస్తారు. సన్నగా తరిగిన క్యాబేజీ, ఉల్లిపాయ, పుదీనా, నిమ్మరసం, పైన పల్చటి పప్పు పులుసు. మన దేశం నుంచి వెళ్లిన సమోసాకు ఆ ఊరు ఇచ్చిన మర్యాద అది. విడిగా ఉంచలేదు, తమ గిన్నెలో కలుపుకున్నారు. ఇది వండేవాళ్లలో భారతీయుల పిల్లలూ ఉన్నారు, బర్మావాళ్లూ ఉన్నారు, చైనావాళ్లూ ఉన్నారు. ఎవరిదో చెప్పడం ఇప్పుడు కష్టం. 1930లో రేవు దగ్గర జరగనిది టీకొట్టులో జరిగిందని నాకు నిజంగా సంతోషమేసింది.

లఫెట్ తోక్ గురించి కూడా చెప్పాలి. తేయాకును కాచి తాగే లోకం మనది. వాళ్లు దాన్ని ఊరబెట్టి తింటారు. షాన్ కొండల మీది లేత ఆకును ఆవిరి పట్టి, నెలల తరబడి గట్టిగా అణిచి పులియబెడతారు. నూనె కలిపి, వేయించిన పల్లీలు, నువ్వులు, వెల్లుల్లి, బఠానీలు, ఎండురొయ్యలతో వడ్డిస్తారు. కాస్త వగరు, కాస్త చేదు, కాస్త పులుపు. పెళ్లికి పిలవాలన్నా, చుట్టం వచ్చినా ఇదే పెడతారు. రాత్రి తింటే మాత్రం నిద్ర రాదు, టీ టీయే కదా.

భోజనం చేసే పద్ధతి చూసి మా ఆవిడ ఆశ్చర్యపోయింది. అన్నం నడుమ, చుట్టూ చిన్న చిన్న గిన్నెల్లో కూరలు, పైన నూనె తేలుతూ. చేత్తోనే తింటారు, కలుపుకోవడం మనలాగే. ఇంట్లో పెద్దవాళ్లుంటే మొదటి ముద్ద వాళ్ల పళ్లెంలో వేసిన తర్వాతే మిగతావాళ్లు మొదలుపెడతారు. పెద్దవాళ్లు ఆ పూట ఊళ్లో లేకపోయినా, వాళ్ల పేరు చెప్పి ఒక చెంచా అన్నం పక్కన పెడతారని ఒక టాక్సీ డ్రైవరు చెప్పాడు. బల్ల మధ్యలో ఒక పళ్లెం నిండా పచ్చి కూరలు, ఉడికించిన ఆకులు, వాటితో నంజుకోవడానికి ఙపి. ఙపి అంటే పులియబెట్టిన చేపలు లేదా రొయ్యల ముద్ద. వాసన గట్టిది. దాన్ని చూసి ముక్కు మూసుకునే యాత్రికులున్నారు. భావనపాడు ఒడ్డున ఎండుచేపల వాసనలో పెరిగిన మనం ముక్కు మూసుకోనక్కర్లేదు. నేను అన్నంలో కలుపుకుని తిన్నాను. కాల్చిన ఎండుచేప ముక్కతో చల్ది అన్నం తిన్నవాడి నాలుకకు అది కొత్తగా తోచదు.

రంగంలోని ష్వేడగాన్ పగోడా గురించి అందరూ చెబుతారు, కాబట్టి క్లుప్తంగా చెప్తాను. దాదాపు 99 మీటర్ల బంగారు స్తూపం, వట్టికాళ్లతో ఎక్కాలి. చుట్టూ ఎనిమిది దిక్కుల్లో వారాల మూలలున్నాయి. పుట్టిన వారం ప్రకారం ఎవరి మూలలో వాళ్లు బుద్ధుడికి నీళ్లు పోయాలి. వారాలు ఏడు, మూలలు ఎనిమిది, అందుకని బుధవారాన్ని రెండు చేశారు. బుధవారం మధ్యాహ్నం దాటి పుట్టినవాళ్లది రాహువు మూల. మా ఆవిడ తన వారం లెక్క కట్టుకుని వెళ్లి నీళ్లు పోసింది. నవగ్రహాలకు ప్రదక్షిణం చేసే మనకు అక్కడ ఎవరూ ఏమీ వివరించనక్కర్లేదు.

అక్కడి నుంచి బగాన్. 11, 12, 13 శతాబ్దాల్లో కట్టిన ఇటుక గుడులు, స్తూపాలు వేల సంఖ్యలో మైదానమంతా పరుచుకుని ఉన్నాయి. మేం వెళ్లిన ఏడాదే యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. వంశధార ఒడ్డున కొండ మీది శాలిహుండం ఇటుక స్తూపాలు చూసినవాళ్లకు బగాన్ దూరపు ఊరులా అనిపించదు. కళింగ తీరం నుంచి ఆ వైపుకు ఓడలు వెళ్లిన కాలం ఎంత పాతదో!

నా మనసు మాత్రం బగాన్ దాటి పోపా కొండకు వెళ్లే రోడ్డు మీద చిక్కుకుంది. వానలు తక్కువ పడే నేల, ఎటు చూసినా తాటిచెట్లు. రోడ్డు పక్క పాకలో ఆగాం. ఒక పెద్దాయన మోకు లేకుండా, వెదురు నిచ్చెన మీద చెట్టెక్కి, నడుముకు కుండలు కట్టుకుని దిగాడు. లోపల పొడుగాటి పొయ్యి మీద వరసగా మూకుళ్లు. పులియని కల్లు మరిగి, చిక్కబడి, చివరి మూకుట్లో గోధుమరంగు పాకమైంది. మంటకు తాటాకే. ఇంటావిడ పాకాన్ని గరిటెతో గీకి, చేతికి నీళ్లు తడుపుకుని, వేడి మీదే గోలీలంత ఉండలు చుట్టింది. పక్కన ఎద్దు తిరుగుతూ గానుగలో వేరుశెనగ నూనె తీస్తోంది. ఒక ఉండ నోట్లో వేసుకుంటే కాస్త పొగ వాసన, కాస్త ఉప్పదనం, తర్వాత తీపి.

అది తాటిబెల్లం. మన శ్రీకాకుళం గట్ల మీద తాటిచెట్లు కోకొల్లలు. ముంజెలు తింటాం, తేగలు తింటాం, తాటిపండు రసంతో రొట్టె వేసుకుంటాం. తాటిబెల్లం మాత్రం మందుల కొట్టు సరుకైపోయింది. అక్కడ ఏ పేద హోటల్లో భోజనం చేసినా చివర ఒక సీసాలోంచి ఆ ఉండలు తీసి పెడతారు, డబ్బులు తీసుకోరు. ఏప్రిల్‌లో వచ్చే వాళ్ల కొత్త సంవత్సరానికి, తింజాన్‌కు, బియ్యప్పిండి ఉండ్రాళ్లలో తాటిబెల్లం ముక్క పెట్టి నీళ్లలో ఉడికిస్తారు. ఉండ్రం పైకి తేలితే ఉడికినట్టు. మన గట్ల మీద చెట్లు ఉండీ, గీసే చేతులు తగ్గిపోతున్నాయి. ఆ పాకలో కూర్చున్నంతసేపూ నాకు అదే బాధ.

మాండలేలో మాకు సమయం చాలలేదు. 1857లో మిండాన్ రాజు కట్టించిన రాజధాని, అమరపుర దగ్గర కిలోమీటరుకు పైగా పొడవున్న టేకు చెక్కల వంతెన, సాయంత్రం వీధిలో గుంతల పెనం మీద వేసే బియ్యప్పిండి పొంగనాలు. రెండు సగాలు అతికించి ఒకటిగా చేస్తారు, ఆలుమగల పొంగనాలని పేరు. వేయించిన నువ్వులు చల్లి ఇస్తారు. అవి తింటూ నడిచాం.

మనవాళ్లు ఆ దేశం వదిలిన కథ రెండుసార్లు జరిగింది. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఓడల్లో చోటు దొరకని లక్షలమంది కొండలు, అడవులు దాటి అస్సాం, మణిపూర్, చిట్టగాంగ్ వైపు నడిచారు. దారిలో కలరాతో, ఆకలితో ఎందరు పోయారో లెక్క తేలదు. మళ్లీ 1962లో సైన్యం అధికారంలోకి వచ్చాక, 1964లో దుకాణాలు, వ్యాపారాలు ప్రభుత్వం తీసుకుంది, పెద్ద నోట్లు చెల్లవంది. కట్టుబట్టలతో వచ్చినవాళ్లను మన ప్రభుత్వం అక్కడక్కడా కాలనీలు కట్టి ఉంచింది. విశాఖపట్నంలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అలా వచ్చిందే. చెన్నై బర్మా బజారులో ఇప్పటికీ సాయంత్రమైతే అత్తో బళ్లు వెలుస్తాయి. నూడుల్స్, క్యాబేజీ, వేయించిన ఉల్లి, చింతపండు పులుసు చేత్తో కలిపి, పక్కన అరటి దూట వేసిన సూపుతో ఇస్తారు. కూలి గదుల్లో ఉన్నవాళ్లు తినలేకపోయినవి, అక్కడే పుట్టి పెరిగిన వాళ్ల పిల్లలు నేర్చుకుని వచ్చారు.

2021 ఫిబ్రవరిలో ఆ దేశం మళ్లీ సైన్యం చేతిలోకి పోయింది. 2025 మార్చి 28న వచ్చిన భూకంపంలో మాండలే, సగాయింగ్ ఊళ్లు బాగా దెబ్బతిన్నాయి, మేం దాటిన 1934 నాటి అవా వంతెన నదిలో పడిపోయింది. ఆ పొంగనాలు వేసే వీధి ఏమైందో అడుగుదామంటే నాకు అక్కడ ఫోన్ చేయదగిన మనిషి లేడు. ఇప్పుడు ఎవరినీ వెళ్లమని చెప్పలేను.

కాబట్టి మొహింగా ఇక్కడే వండుకునే పద్ధతి చెప్తాను. కోటబొమ్మాళి బజారులో దొరకని సరుకు ఇందులో దాదాపు లేదు. కేజీ మార్పు చేపలు, దొరక్కపోతే కొర్రమీను. పసుపు, ఉప్పు, దంచిన నిమ్మగడ్డి వేసి ఉడికించి, ముళ్లు ఏరేసి, ఆ నీళ్లు పారబోయకుండా ఉంచండి. ఉల్లి, వెల్లుల్లి, అల్లం, ఎండుమిరప ముద్ద చేసి నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించి, చేప ముక్కలు అందులో కలిపి కాసేపు మగ్గనివ్వండి. అక్కడివాళ్లు ఙపి వేస్తారు, మనం ఎండురొయ్యల పొడి రెండు చెంచాలు వేసుకుందాం. చేప ఉడికిన నీళ్లు పోసి, దోరగా వేయించిన సెనగపిండి ఉండలు కట్టకుండా నీళ్లలో కలిపి పోసి, చిన్న ఉల్లిపాయలు పొట్టు తీసి ముక్కలు చేయకుండా వేయండి. దూట చక్రాలుగా కోసేటప్పుడు ప్రతి ముక్కకూ నార వస్తుంది. ఆ నారను చూపుడువేలికి చుట్టుకుంటూ తీసేయాలి, లేకపోతే గొంతులో పడుతుంది. కోసిన చక్రాలు మజ్జిగ నీళ్లలో వేసి ఉంచితే నల్లబడవు. అవి కూడా గిన్నెలో పడ్డాక, సన్నటి సెగ మీద గంటసేపు మరగాలి. బియ్యపు సేమియా విడిగా వండుకుని, తినే ముందే పులుసు పోసుకోండి. నిమ్మరసం చివర్లో. రాత్రి వండి పెట్టుకుని పొద్దున్న వేడి చేసుకుంటే ఇంకా బాగుంటుంది.